‘నార్మల్’ అని యంత్రం చెబితే? ఎక్స్‌రే, స్కానింగుల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల నా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం సరిహద్దు జిల్లాల నుంచి వచ్చినవే. ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, జయపురం మొదలుకొని అటు మహారాష్ట్రలోని ధర్మాబాద్, సిరొంచ వరకు అందరినీ ఒకే సందేహం వేధిస్తోంది. ఎక్స్‌రేనో స్కానింగునో కృత్రిమ మేధ (ఏఐ) సాఫ్ట్‌వేర్ చదివి ఇచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఆ సందేహం. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి దగ్గర పల్లె. నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని. పోయిన నెల మా ఊళ్లో క్షయ శిబిరం పెట్టి, చేత్తో పట్టుకునేంత చిన్న యంత్రంతో అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీశారు. మా అమ్మకు అరవై రెండేళ్లు. ఆమె కాగితం మీద 0.71 అని అంకె వేసి, టీబీ అనుమానం అని ఇంగ్లీషులో రాశారు. అమ్మకు దగ్గూ లేదు, జ్వరమూ లేదు. పన్నెండేళ్ల క్రితం మాత్రం క్షయకు ఆరు నెలలు మందులు వాడింది. ఎక్స్‌రేను డాక్టరెవరూ చూడలేదట, కంప్యూటరే చెప్పిందట. దీన్ని నమ్మాలా?

జవాబు: ముందుగా ఆ అంకె సంగతి చూద్దాం. 0.71 అన్నంత మాత్రాన మీ అమ్మగారికి క్షయ ఉండే అవకాశం నూటికి డెబ్బై ఒకటి అని అర్థం చేసుకోకండి. తనకు నేర్పిన వేలాది క్షయ రోగుల ఎక్స్‌రేలను ఈ ఎక్స్‌రే ఎంతగా పోలి ఉందో చూసి, సున్నాకూ ఒకటికీ మధ్య సాఫ్ట్‌వేర్ వేసిన మార్కు అది. ఎంత మార్కు దాటితే ‘అనుమానం’ అని రాయాలో కార్యక్రమం నడిపేవారు ముందే ఒక గీత గీసుకుంటారు. గీతను కిందికి దించితే అసలు రోగులు తప్పిపోవడం తగ్గుతుంది గాని, రోగం లేనివారు ఎందరో అనవసరంగా హడలిపోతారు. పైకి జరిపితే ఇది తలకిందులవుతుంది.

ఒక లెక్క వేసి చూడండి. క్షయను వడకట్టే పరీక్ష ఏదైనా వందమంది రోగులలో కనీసం 90 మందిని పట్టుకోవాలనీ, రోగం లేని వందమందిలో కనీసం 70 మందిని సరిగా వదిలిపెట్టాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలబద్ద పెట్టింది. మీ చుట్టుపక్కల ఊళ్లలో వెయ్యిమందికి ఎక్స్‌రే తీశారనీ, వారిలో పదిమందికి నిజంగా క్షయ ఉందనీ అనుకుందాం. ఆ కొలబద్దకు సరిగ్గా తూగే సాఫ్ట్‌వేర్ తొమ్మిదిమంది రోగులను పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో 297 మంది మీద కూడా అనుమానం రాస్తుంది. అంటే మొత్తం 306 కాగితాలలో నిజమైనవి తొమ్మిదే. కాబట్టి ఆ కాగితం చూసి మీ ఇంట్లో ఎవరూ అన్నం మానుకోనక్కరలేదు. అలాగని దాన్ని చూరులో దోపి మరచిపోకూడదు, ఎందుకంటే ఆ తొమ్మిదిమందీ ఈ 306 మందిలోనే ఉన్నారు.

మీ అమ్మగారి విషయంలో గమనించవలసినది మరొకటి ఉంది. పుండు మానినా మచ్చ మిగిలినట్టే, నయమైన క్షయ కూడా ఊపిరితిత్తి పైభాగంలో తన గుర్తు వదిలిపోతుంది. ఎక్స్‌రే తప్ప మరేమీ ఎరుగని సాఫ్ట్‌వేర్‌కు పన్నెండేళ్ల నాటి మచ్చకూ కొత్త జబ్బుకూ తేడా చెప్పడం కష్టం. ఒకసారి క్షయ వచ్చి తగ్గినవారి దగ్గర అది ఎక్కువగా పొరబడుతుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలలో పనిచేసి వచ్చినవారి సంగతీ ఇటువంటిదే. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ మచ్చలు చూపుకు క్షయలాగే ఉంటాయి, పైగా ఆ జబ్బు ఉన్నవారికి నిజమైన క్షయ సోకే ప్రమాదమూ ఎక్కువే.

దగ్గు లేని మనిషికి ఎక్స్‌రే ఎందుకని మీకు అనిపించవచ్చు. 2019 నుంచి 2021 వరకు దేశవ్యాప్తంగా జరిపిన క్షయ సర్వేలో, లక్షణాలు మాత్రమే అడిగి ఎక్స్‌రే తీయకుండా ఉంటే 42.6 శాతం మంది రోగులు బయటపడేవారే కాదని తేలింది. మన సరిహద్దు మన్యంలో ఎక్స్‌రే తీయడానికి యంత్రం వచ్చినా చదివే వైద్యుడు దొరకడం లేదు. ఇటువంటి చోట్లను దృష్టిలో పెట్టుకొనే, పదిహేనేళ్లు నిండినవారి క్షయ వడపోతలో మనిషికి బదులు సాఫ్ట్‌వేర్ ఎక్స్‌రే చదవవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. ఆ సిఫారసు వడపోత వరకే వర్తిస్తుంది. క్షయ ఉందా లేదా అని తేల్చవలసినది కళ్లె పరీక్ష. మీ అమ్మగారిని తెల్లవారి లేవగానే నోరు పుక్కిలించుకొని, లోపలి నుంచి గట్టిగా దగ్గి తీసిన కళ్లెను సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షకు (కళ్లెలో క్షయ క్రిమి జన్యువును వెతికే పరీక్షలివి) ఇమ్మనండి. పూర్వం వాడిన మందుల సంగతి తప్పకుండా చెప్పండి. పన్నెండేళ్ల నాటి ఎక్స్‌రే ఫిల్ము అటక మీదో బీరువాలోనో దొరికితే అంతకంటే విలువైనది లేదు; రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన వైద్యుడు మచ్చ పాతదో కొత్తదో చాలావరకు చెప్పగలుగుతాడు.

నిజానికి నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పైన వేసిన లెక్కలో సాఫ్ట్‌వేర్‌కు దొరకని ఆ పదో రోగి. ‘అనుమానం’ అని రాయించుకున్నవారికి కళ్లె పరీక్ష జరుగుతుంది కనుక పొరపాటు ఏదైనా ఉంటే అక్కడ సరిదిద్దుకోవచ్చు. ‘నార్మల్’ అని కాగితం అందుకొని ఇంటికి వెళ్లినవారిని మళ్లీ ఎవరూ చూడరు. మీ ఊళ్లో ఆ రోజు నార్మల్ వచ్చినవారిలో ఎవరైనా రెండు వారాలు దాటి దగ్గుతున్నా, చిక్కిపోతున్నా, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడుతున్నా, ఆ కాగితాన్ని పక్కన పెట్టి కళ్లె పరీక్షకు పంపండి. టీచరుగా మీ మాటకు ఊళ్లో ఉన్న విలువ ఇందుకు ఉపయోగపడుతుంది.

మరొక్క మాట. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకొని, జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని పోరాడారు. ఆ ఊరి పక్కనే ఒక తల్లి తన ఛాతీ గురించి రాసిన నాలుగు ముక్కలను చదువుకోలేని స్థితిలో ఉండడం నాకు బాధగా ఉంది. ఫలితపు కాగితాన్ని ఒడియాలోనో తెలుగులోనో సవరలోనో అచ్చువేయడం సాఫ్ట్‌వేర్‌కు పెద్ద పని కాదు. శిబిరాలు పెట్టేవారిని ఆ మాట అడగండి.

ప్రశ్న: నేను రాయగడలో ఒక ప్రైవేటు డయాగ్నొస్టిక్ సెంటరులో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఇంతకుముందు ఎక్స్‌రేలను నెట్‌లో విశాఖపట్నం పంపితే అక్కడి రేడియాలజిస్టు సాయంత్రానికి రిపోర్టు పంపేవారు. రెండు నెలలుగా మా యజమాని ఏఐ సాఫ్ట్‌వేర్ పెట్టించి, అది ఇచ్చిన రిపోర్టునే అచ్చువేసి ఇస్తున్నారు. 99 శాతం కచ్చితమని కంపెనీ పుస్తకంలో ఉందంటున్నారు. ఇది సరైనదేనా? రేపు మా ఉద్యోగాలు, రేడియాలజిస్టుల ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మీ ఉత్తరం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ముందుగా మీ చేతిలో ఉన్న పని గురించి చెబుతాను. మన ప్రాంతపు ఆడవాళ్లు జడ వేసుకొని వస్తారు. ఎక్స్‌రే తీసేటప్పుడు ఆ జడ భుజం మీద పడి ఉంటే, ఊపిరితిత్తి కొసన మెలికలు తిరిగిన తెల్లని నీడగా కనబడుతుంది. క్షయ ఇష్టపడే చోటు సరిగ్గా అదే. అనుభవం ఉన్న కన్ను ఆ నీడ మెడ దాటి పైకి సాగడం చూసి జడ అని పోల్చుకుంటుంది. జడలు లేని దేశాల ఎక్స్‌రేలతో చదువు నేర్చిన సాఫ్ట్‌వేర్ దాని చుట్టూ ఎర్రని గడి గీయవచ్చు. తాయెత్తు, నల్లపూసలు, సవర స్త్రీల పూసల పేర్లు కూడా ఇంతే. జుట్టును నడినెత్తిన ముడి వేయించడం, నగలను తీయించడం, రోగి ఊపిరి నిండా పీల్చుకొని బిగపట్టేదాకా ఆగడం మీ పని. ఈ మూడూ సరిగా జరగని ఎక్స్‌రేను ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ చదివినా ఫలితం లేదు. కనుక మీ ఉద్యోగం గురించి నాకు బెంగ లేదు. అది మునుపటి కంటే ముఖ్యమైనదిగా మారింది.

99 శాతం అన్న మాటకు వస్తాను. ఆ పరీక్ష ఎవరి ఎక్స్‌రేల మీద, ఏ యంత్రాలతో జరిగిందో అడగకుండా ఆ అంకెకు విలువ కట్టలేము. కోవిడ్ రోజుల్లో ఛాతీ చిత్రాలు చూసి జబ్బును పట్టేస్తామంటూ ప్రపంచమంతటా సాఫ్ట్‌వేర్లు పుట్టుకొచ్చాయి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి ఆధ్వర్యంలో జరిగిన పరిశీలనలో 2,212 పరిశోధనా పత్రాలను పోగుచేసి, వడపోతలో నిలిచిన 62 పత్రాలను క్షుణ్ణంగా చదివి, వాటిలో ఒక్కటి కూడా ఆసుపత్రిలో వాడడానికి తగినది కాదని 2021లో తేల్చారు. కొందరు కోవిడ్ లేని ఉదాహరణలుగా వాడిన ఎక్స్‌రేలు ఒకటి నుంచి అయిదేళ్ల లోపు పిల్లలవి. కోవిడ్ రోగులేమో పెద్దవాళ్లు. అటువంటి పాఠం చదివిన సాఫ్ట్‌వేర్ పిల్లల ఛాతీకీ పెద్దల ఛాతీకీ తేడా నేర్చుకొని, కోవిడ్ నేర్చుకున్నట్టు మార్కులు తెచ్చుకోగలదు. అంతకుముందు 2018లో అమెరికాలో న్యుమోనియాను గుర్తించే ఒక సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తే, ఎక్స్‌రే ఏ ఆసుపత్రిలో తీసినదో అది ఇట్టే చెప్పగలిగింది. న్యుమోనియా ఎక్కువగా వచ్చే ఆసుపత్రి ఏదో తెలిశాక జబ్బును ఊహించడం సులువు కదా. వేరే ఆసుపత్రి ఎక్స్‌రేలు ఇచ్చేసరికి దాని నేర్పు తగ్గిపోయింది.

ఇప్పుడు నా స్వంత తప్పు ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఇటువంటి సాఫ్ట్‌వేర్ వచ్చిన మొదటి ఏడాది అది. ఒక రోజు సాయంత్రం వరసగా ఎక్స్‌రేలు చూస్తున్నాను. క్వారీ కూలి ఒకరి ఎక్స్‌రేకు సాఫ్ట్‌వేర్ చాలా తక్కువ మార్కు వేసింది. ఆ మార్కు ముందే చూశాను కాబట్టి, బొమ్మ మీద నా చూపు ఒక నిమిషం కూడా నిలవలేదు. సంతకం పెట్టాను. ఆరు వారాల తర్వాత అతడు కళ్లెలో రక్తం పడుతోందని వచ్చాడు. పాత ఎక్స్‌రే మళ్లీ తీసి చూస్తే, ఎడమ కాలర్ ఎముక వెనుక రేగుపండంత నీడ స్పష్టంగా ఉంది. కాలర్ ఎముక వెనుక, గుండె వెనుక వెతకాలని విద్యార్థులకు చెప్పేవాణ్ణి నేనే. సాఫ్ట్‌వేర్ తప్పిపోయిందని చెప్పుకొని నేను తప్పించుకోలేను; ఆ కాగితం మీద ఉన్నది నా పేరు. అతడు క్షయ మందులతో కోలుకున్నాడు గాని, ఆ ఆరు వారాలు ఇంట్లో ఇద్దరు పసిపిల్లల పక్కనే పడుకున్నాడు. ఆ తర్వాత నుంచి సాఫ్ట్‌వేర్ తెరను మూసి ముందుగా నా అభిప్రాయం రాసుకొని, ఆ పైనే అది ఏమన్నదో తెరిచి చూస్తున్నాను.

ఇది నా ఒక్కడి బలహీనత కాదు. 2023లో జర్మనీలో 27 మంది రేడియాలజిస్టులకు రొమ్ము ఎక్స్‌రేలు ఇచ్చి, వాటిలో కొన్నింటికి కావాలనే తప్పు సూచన వేసి, అది ఏఐ సూచన అని చెప్పారు. సూచన సరిగ్గా ఉన్నప్పుడు అనుభవం తక్కువ ఉన్నవారు సుమారు 80 శాతం సరిగా చెప్పారు; సూచన తప్పైనప్పుడు అది 20 శాతానికి పడిపోయింది. ఎంతో అనుభవం ఉన్నవారు కూడా 82 నుంచి 45 శాతానికి జారారు. డాక్టరు పక్కన ఉంటే చాలు, తప్పు దొరికిపోతుందని అనుకోవడానికి వీల్లేదని దీని వల్ల అర్థమవుతుంది.

అలాగని నేను ఈ సాధనానికి విరోధిని కాను. స్వీడన్‌లో 80 వేలకు పైగా స్త్రీల మీద రొమ్ము క్యాన్సర్ పరీక్షలో దీన్ని వాడి చూసిన ఫలితం 2023లో వచ్చింది. మామూలు పద్ధతిలో ఇద్దరు వైద్యులు చదివినప్పటి కంటే ఏఐ తోడుగా చదివినప్పుడు 20 శాతం ఎక్కువ క్యాన్సర్లు దొరికాయి, వైద్యుల చదివే పని 44 శాతం తగ్గింది. ఏ ఒక్క ఎక్స్‌రేనూ మనిషి చూడకుండా వదలలేదన్నది అక్కడ అసలు కీలకం. అనుమానం తక్కువున్నవి ఒకరు, ఎక్కువున్నవి ఇద్దరు చదివారు. మీ సెంటరులో ఆ ఒక్కరు కూడా లేకుండా పోయారు.

ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో యంత్రమే మెరుగ్గా చదువుతుంది కనుక రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే మానేయాలని 2016లో జెఫ్రీ హింటన్ అన్నారు. ఈ రంగానికి పునాది వేసినవారిలో ఆయన ఒకరు, 2024లో నోబెల్ కూడా అందుకున్నారు. ఆయన చెప్పిన ఐదేళ్ల గడువు ఎప్పుడో ముగిసింది. రేడియాలజిస్టులు చాలక రాయగడ ఇంకా విశాఖపట్నం వైపే చూస్తోంది. మీ యజమానికి మర్యాదగానే చెప్పండి. సాఫ్ట్‌వేర్‌ను ఉంచుకోమనండి, అది అనుమానించిన ఎక్స్‌రేలను అందరికంటే ముందుగా విశాఖపట్నం పంపమనండి. ఆ వరస మార్పు వల్ల ఊపిరితిత్తి కుదించుకుపోయిన రోగికి సాయంత్రం దాకా ఎదురుచూపు తప్పుతుంది. మిగిలినవి కూడా వైద్యుని సంతకంతోనే బయటికి వెళ్లాలి. చిత్రాలు చదివే సాఫ్ట్‌వేర్ మన దేశంలో వైద్య పరికరాల నియమావళి, 2017 కిందికి వస్తుంది. దానికి ఏ పనికి అనుమతి ఉందో లైసెన్సు కాగితం తెప్పించుకొని చూడమనండి.

ప్రశ్న: ఏఐ వాడే ఎక్స్‌రేకు రేడియేషన్ ఎక్కువ పడుతుందని మా వీధిలో అంటున్నారు, నిజమేనా? (బరంపురం నుంచి ఒక గృహిణి)

జవాబు: నిజం కాదమ్మా. సాఫ్ట్‌వేర్ పని ఎక్స్‌రే తీసిన తర్వాతే మొదలవుతుంది. ఛాతీ ఎక్స్‌రేకు పడేది సుమారు 0.1 మిల్లీ సీవర్టు, పదిరోజుల్లో ప్రకృతి నుంచి మనందరికీ సహజంగా అందేదంత.

ప్రశ్న: మా నాన్నగారికి తలనొప్పి అని జయపురంలో సీటీ స్కాన్ తీయించాం. రిపోర్టు రావడానికి ఒక రోజు పడుతుందన్నారు. ఆగలేక ఫిల్మును ఫోనుతో ఫొటో తీసి ఒక చాట్ యాప్‌లో పెడితే కణితి కావచ్చని చెప్పింది. ఇల్లంతా ఏడుపులు. మరునాడు రేడియాలజిస్టు ఏమీ లేదన్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: రేడియాలజిస్టునే నమ్మండి, కారణం చెబుతాను. తల స్కాన్‌లో ఒకదాని కింద ఒకటిగా పదుల కొద్దీ, పలుచగా కోస్తే వందల కొద్దీ పొరలు ఉంటాయి. ప్రతి పొరలోని ప్రతి చుక్కకూ ఒక సాంద్రత అంకె ఉంటుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు ప్లస్ 1000 దాకా. ఇన్ని అంతరాలను మన కన్ను ఒకేసారి చూడలేదు కనుక, వైద్యుడు తెర మీద ఒకసారి మెదడుకు, ఒకసారి రక్తానికి, ఒకసారి ఎముకకు తగినట్టు వెలుగును మారుస్తూ అవే పొరలను మళ్లీ మళ్లీ చూస్తాడు. ఫిల్ము మీద అచ్చయ్యేది అందులో కొంతే. దాన్ని ట్యూబులైటు ముందు పట్టుకొని ఫొటో తీస్తే ఆ వెలుగు మరక కూడా బొమ్మలో చేరుతుంది. మీరు యాప్‌కు ఇచ్చింది నాన్నగారి స్కాన్‌లో ఒక చిన్న ముక్క మాత్రమే. పైగా ఆ యాప్ కబుర్లు చెప్పడానికి తయారైనది. ఆసుపత్రిలో ఒక్క జబ్బు కోసం పరీక్షించి అనుమతి తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పోల్చకూడదు.

మీ ఆత్రం నాకు అర్థమవుతుంది. తండ్రి తలలో ఏముందో తెలియని రాత్రి ఎంత పొడుగో నాకూ తెలుసు. ఆ యాప్ ‘ఏమీ లేదు’ అని ఉంటే మీరు రిపోర్టు కోసం మళ్లీ వెళ్లేవారా అని మాత్రం ఒకసారి ఆలోచించండి. వచ్చేసారి స్కాన్ తీయించినప్పుడు సీడీ అడిగి తీసుకోండి. అందులో అన్ని పొరలూ ఉంటాయి, సరిహద్దు దాటి విజయనగరమో విశాఖపట్నమో వెళ్లినా అక్కడి వైద్యుడు మళ్లీ స్కాన్ రాయనవసరం లేకుండా చూడగలడు.

ప్రశ్న: నేను ధర్మాబాద్‌లో మిర్చి వ్యాపారిని, ఇరవై ఏళ్లుగా సుగర్ ఉంది. శిబిరంలో కంటి ఫొటో తీస్తే ‘చదవడానికి వీలుకాదు’ అని వచ్చింది. జబ్బు లేనట్టేనా?

జవాబు: ఎంతమాత్రం కాదు. ఫొటో మసకగా వచ్చిందని మాత్రమే దాని అర్థం. సుగర్ వల్ల కంటి వెనుక పొర (రెటీనా) దెబ్బతిన్నదేమో ఫొటోలో చూసే గూగుల్ సాఫ్ట్‌వేర్‌ను థాయ్‌లాండ్‌లో క్లినిక్‌లలో వాడి చూసినప్పుడు మొదటి ఆరు నెలల్లో 21 శాతం ఫొటోలను అది ఇలాగే తిప్పికొట్టింది; గదిలో వెలుతురు సరిగా లేకపోవడం అందుకు ఒక కారణం. మీ వయసులో శుక్లం ముదిరినా ఫొటో మసకబారుతుంది. ఇరవై ఏళ్ల సుగర్ ఉన్నవారు ఇలాంటి కాగితంతో ఊరుకోకూడదు. ఈ నెలలోనే కంటిడాక్టరు దగ్గర చుక్కలు వేయించుకొని రెటీనా చూపించుకోండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, స్కూటరు మీద వెళ్లకుండా అబ్బాయిని తోడు తీసుకువెళ్లండి.

ప్రశ్న: మాది సిరొంచ తాలూకా. మా మనవడికి తొమ్మిదేళ్లు, సికిల్ సెల్ జబ్బు ఉంది. పోయిన నెల ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఎక్స్‌రే తీశారు. కంప్యూటరు నార్మల్ అందని ఇంటికి పంపారు. రెండో రోజుకు బిడ్డ ప్రాణం మీదికి వస్తే నది దాటించి వరంగల్ తీసుకువెళ్లాం. ఇప్పుడు బాగున్నాడు. ఎక్స్‌రే ఎందుకు తప్పు చెప్పింది?

జవాబు: బిడ్డ దక్కినందుకు ఎంతో సంతోషం, అమ్మా. ఎక్స్‌రే బహుశా తప్పు చెప్పి ఉండదు. సికిల్ సెల్ ఉన్నవారికి వంకర తిరిగిన రక్తకణాలు ఊపిరితిత్తిలోని సన్నని నాళాలకు అడ్డుపడినప్పుడు ఛాతీ నొప్పి, ఆయాసం, జ్వరం ముందుగా వస్తాయి; ఎక్స్‌రేలో నీడ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనబడవచ్చు. ఆ మొదటి రోజున నేను చూసినా నార్మల్ అనే ఉండేవాణ్ణేమో. కాని బిడ్డకు సికిల్ సెల్ ఉందని తెలిస్తే నేను ఇంటికి పంపేవాణ్ణి కాదు. ఆక్సిజన్ ఎంతుందో వేలికి పెట్టి చూసి, ఆసుపత్రిలోనే ఉంచి, మరునాడు మళ్లీ ఎక్స్‌రే తీయించేవాణ్ణి. బిడ్డ జబ్బు సంగతి సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో లేదు. పైగా క్షయ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సిఫారసు కూడా పదిహేనేళ్లు నిండినవారికే గాని, తొమ్మిదేళ్ల పిల్లలకు వర్తించదు.

ఇక ముందు నొప్పి, ఆయాసం, జ్వరం వీటిలో ఏది వచ్చినా ఆగవద్దు. బిడ్డ సికిల్ సెల్ కార్డును ప్లాస్టిక్ సంచిలో పెట్టి అతని చొక్కా జేబులోనే ఉంచండి. మహారాష్ట్ర ఆసుపత్రికి వెళ్లినా తెలంగాణ ఆసుపత్రికి వెళ్లినా, ఎక్స్‌రే గదికి తీసుకువెళ్లకముందే ఆ కార్డును డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టండి, వరంగల్ వారు ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని దానితో పాటే చూపండి.